డప్పు దెబ్బకు పైకెగసే ప్రభావళి: ఆర్డుయినో నానోతో గణపయ్య వెనక కాంతి వలయం

వినాయక చవితికి ఇంట్లో బొమ్మ వెనక సీరియల్ సెట్ వేలాడదీయడం అందరూ చేసేదే. ఇక్కడ చేయబోయేది వేరు. విగ్రహం వెనక 32 సెంటీమీటర్ల గుండ్రటి చట్రం, దాని అంచు చుట్టూ 60 రంగుల ఎల్‌ఈడీలు ఉంటాయి. డప్పు మోగితే వెలుగు అడుగు నుంచి రెండు పక్కలా పైకి ఎగసి, దెబ్బకూ దెబ్బకూ మధ్య కిందికి జారుతుంది. చప్పుడు లేనప్పుడు దీపంలా నెమ్మదిగా ఊపిరి తీస్తుంది.

కాస్త సోల్డరింగ్ వచ్చి, ఆర్డుయినోలో ఒక్కసారైనా ఎల్‌ఈడీ వెలిగించినవారికి ఇది రెండు ఆదివారాల పని. చవితి ముందురోజు రాత్రి మాత్రం మొదలుపెట్టకండి. ఇలాంటి ప్రాజెక్టులు చెడేది ఎక్కువగా ప్రోగ్రామ్‌లో కాదు, కరెంటు వైర్లలో, గ్రౌండ్ (మైనస్ లైను) కలపడంలో. ఆ తప్పులు వెతకడానికి పగటి వెలుతురూ, తీరికా కావాలి.

కావలసినవి

ఆర్డుయినో నానో, అంటే మనం రాసిన ప్రోగ్రామ్‌ను నడిపే చిన్న బోర్డు 1. క్లోన్ (అదే నమూనాలో వేరేవాళ్లు చేసిన) బోర్డైనా చాలు, మినీ యూఎస్‌బీ కేబుల్‌తో సహా తీసుకోండి.

డబ్ల్యూఎస్ 2812బీ ఎల్‌ఈడీ స్ట్రిప్ 1 మీటరు. మీటరుకు 60 ఎల్‌ఈడీలు ఉన్నది, 5 వోల్టులది, పైన సిలికాన్ తొడుగు లేనిది.

మ్యాక్స్ 4466 మైక్ మాడ్యూల్ 1.

5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ 1. దాని పిన్నుకు సరిపోయే, స్క్రూ టెర్మినల్ ఉన్న డీసీ సాకెట్ 1.

1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ 1. 100 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ 1.

470 ఓమ్‌ల రెసిస్టర్ 1, 100 ఓమ్‌ల రెసిస్టర్ 1.

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ లేదా ఎండీఎఫ్ పలక, 32 సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా కోయించినది.

కరెంటుకు 0.75 చదరపు మిల్లీమీటర్ల మెత్తని వైరు మీటరు, సిగ్నల్‌కు సన్న వైరు మీటరు, చిన్న జీరో పీసీబీ (సోల్డర్ చేసుకునే రంధ్రాల బోర్డు) ముక్క, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్.

హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో వీటన్నిటినీ ఒకే పూటలో తెచ్చుకోవచ్చు. దుకాణంలో స్ట్రిప్ అడిగేటప్పుడు జాగ్రత్త. "ఆర్‌జీబీ స్ట్రిప్" అంటే చేతిలో పెట్టేది సాధారణంగా 12 వోల్టులది, నాలుగు వైర్లది. దాంట్లో అన్ని ఎల్‌ఈడీలకూ ఒకేసారి ఒకే రంగు వస్తుంది. మనకు కావలసిన దానికి మూడే ప్యాడ్లు (వైరు సోల్డర్ చేసే రాగి చోట్లు) ఉంటాయి: 5 వోల్టులు, డేటా, గ్రౌండ్. ప్రతి ఎల్‌ఈడీ లోపల చిన్న నల్లటి చిప్ కంటికి కనిపిస్తుంది. ఒక్కో ఎల్‌ఈడీకి ఒక్కో రంగు ఇవ్వగలగడం ఆ చిప్ చలవే.

వైఫై ఉన్న ఈఎస్‌పీ 32 బోర్డు ఇంట్లో ఉంది కదా, అదే వాడితే పోలా అనిపించవచ్చు. ఈ స్ట్రిప్ చిప్‌కు డేటా అందాలంటే సరఫరా వోల్టేజిలో కనీసం 70 శాతం, అంటే 3.5 వోల్టులు కావాలి. ఈఎస్‌పీ 32 పిన్ ఇచ్చేది 3.3. బల్ల మీద చాలాసార్లు పనిచేస్తుంది, అదే చిక్కు. వైరు కాస్త పొడుగైనా, అడాప్టర్ 5.2 వోల్టులు ఇచ్చినా రంగులు పిచ్చెక్కినట్టు మారతాయి. మధ్యలో 3.3ను 5 వోల్టులకు పెంచే లెవెల్ షిఫ్టర్ పెడితే సరే. నానో పిన్ 5 వోల్టులు ఇస్తుంది కాబట్టి ఆ గొడవే లేదు. వైఫై అవసరం లేని పనికి వైఫై బోర్డు ఎందుకు?

ముందుగా కరెంటు లెక్క

ఒక్కో ఎల్‌ఈడీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ నిండుగా వెలిగితే గరిష్ఠంగా 60 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. అరవైకి 3.6 ఆంపియర్లు. ఇంట్లో విగ్రహం వెనక అంత వెలుగు పెడితే బొమ్మ కనపడదు, కళ్లు మాత్రం చెదురుతాయి. ఎల్‌ఈడీలను నడపడానికి వాడబోయే లైబ్రరీలో (ముందే రాసిపెట్టిన ప్రోగ్రామ్‌లో) వెలుగు పరిమితి 0 నుంచి 255 దాకా ఉంటుంది. దాన్ని 120 దగ్గర ఆపితే తెలుపులో కూడా 1.7 ఆంపియర్లు దాటదు. మనం వాడే బంతిపువ్వు రంగుకు ఆంపియరు లోపే. 3 ఆంపియర్ల అడాప్టర్ చల్లగా నడుస్తుంది.

కొన్న అడాప్టర్‌ను స్ట్రిప్‌కు తగిలించే ముందు మల్టీమీటర్‌తో చూడండి. 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. 5.3 దాటితే వాడొద్దు. ఇంట్లో 12 వోల్టుల రూటర్ అడాప్టర్ ఉంటుంది, దాని పిన్ కూడా ఇదే సాకెట్‌లో సుబ్బరంగా దూరుతుంది. ఒక్క సెకను చాలు, అరవైకి అరవై ఎల్‌ఈడీలూ పోతాయి. అందుకే 5 వోల్టుల అడాప్టర్ పిన్నుకు ఎర్ర టేపు చుట్టి పెట్టుకోండి.

ఇనుప పెట్టెలో వచ్చే 5 వోల్టుల పవర్ సప్లైలు చవకే కానీ, వాటికి 230 వోల్టుల స్క్రూలు బయటికే ఉంటాయి. పిల్లలు ప్రసాదం కోసం చేతులు చాపే చోట అవి వద్దు.

1. చట్రం

స్ట్రిప్ తన వెడల్పు వైపుకు వంగదు. పలక ముఖం మీద గుండ్రంగా అతికిద్దామనుకుంటే మడతలు పడి రాగి పొర చిట్లుతుంది. అందుకే దాన్ని పలక అంచుకు చుట్టాలి, సైకిల్ చక్రానికి టైరు చుట్టినట్టు. స్ట్రిప్ వెడల్పు 10 మిల్లీమీటర్లు, పలక మందం 12. సరిగ్గా కూర్చుంటుంది. తొడుగున్న స్ట్రిప్ కొంటే అది మలుపులో లేచిపోతుంది.

32 సెంటీమీటర్ల వ్యాసానికి చుట్టుకొలత 100.5 సెంటీమీటర్లు. మీటరు స్ట్రిప్ చుట్టాక అర సెంటీమీటరు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ అడుగున రావాలి. దాని పక్కనే పలకలో 6 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే వైర్లన్నీ వెనక్కి పోతాయి.

కోసిన ప్లైవుడ్ అంచు మీద స్ట్రిప్ వెనక ఉన్న జిగురు నిలవదు. గరుకు కాగితంతో అంచు రుద్ది, సగం నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత వేసి, రాత్రంతా ఆరనివ్వండి. తర్వాత అతికించి, ప్రతి ఐదో ఎల్‌ఈడీ దగ్గర పక్కన గ్లూ గన్ చుక్క పెట్టండి. చుక్క ఎల్‌ఈడీ మీద పడకూడదు.

ప్లైవుడ్ బరువని థర్మకోల్ వాడాలనిపిస్తే ఆగండి. పక్కనే దీపారాధన, హారతి కర్పూరం ఉంటాయి. పైగా ఫెవిక్విక్ తగిలితే థర్మకోల్ కరిగిపోతుంది.

2. సోల్డరింగ్

స్ట్రిప్ మీద చిన్న బాణాలుంటాయి. డేటా ఆ బాణం వైపుకే పోతుంది. బాణం మొదలయ్యే కొసే మన మొదలు. ఎల్‌ఈడీ 0 అక్కడుంటుంది. రెండో కొసన వైరు కలిపి, రెండు గంటలు ప్రోగ్రామ్‌లో తప్పు వెతికేవారు తక్కువేం కాదు.

స్ట్రిప్‌తో వచ్చే కనెక్టర్ వైర్లలో సాధారణంగా ఎరుపు 5 వోల్టులు, ఆకుపచ్చ డేటా, తెలుపు గ్రౌండ్. తెలుపు గ్రౌండా అని అనుమానం వస్తుంది, అవును, అదే. అయినా రంగును నమ్మకుండా ప్యాడ్ మీద రాసిన అక్షరాలు చూసి కలపండి.

ప్యాడ్‌కు ముందు కాస్త సోల్డర్ పూయండి, వైరు కొసకూ పూయండి, తర్వాత రెండూ ఆనించి రెండు సెకన్లు వేడి చేయండి. ఐదారు సెకన్లు అదిమి పెడితే ప్యాడ్ ఊడి వస్తుంది. అప్పుడు ఆ ఎల్‌ఈడీని కత్తిరించి తర్వాతి దాని నుంచి మొదలుపెట్టడమే. సీసం ఉన్న సోల్డర్ అయితే కిటికీ తెరిచి చేయండి, అయ్యాక చేతులు కడుక్కోండి.

వలయం కాబట్టి స్ట్రిప్ చివర మళ్లీ మొదటికే వచ్చి ఆగుతుంది. దీన్ని వాడుకోండి. చివరి 5 వోల్టుల ప్యాడ్‌ను మొదటి 5 వోల్టుల ప్యాడ్‌కు, చివరి గ్రౌండ్‌ను మొదటి గ్రౌండ్‌కు చిన్న వైర్లతో కలపండి. కరెంటు రెండు వైపుల నుంచీ వస్తుంది, చివరి ఎల్‌ఈడీలు ఎర్రబారవు. డేటా ప్యాడ్లను మాత్రం అలా కలపకూడదు. చివరి డేటా ప్యాడ్ ఖాళీగానే ఉండాలి.

3. వైరింగ్

అంతా డీసీ సాకెట్ దగ్గర నుంచి మొదలవ్వాలి. అక్కడి ప్లస్ నుంచి రెండు వైర్లు వేరుగా బయల్దేరాలి, స్ట్రిప్‌కు ఒకటి, నానో 5వీ పిన్నుకు ఒకటి. మైనస్ నుంచి కూడా అలాగే రెండు, స్ట్రిప్ గ్రౌండ్‌కూ, నానో గ్రౌండ్‌కూ. స్ట్రిప్‌కు పోయే జత మందం వైరు. నానో ద్వారా స్ట్రిప్‌కు కరెంటు ఇవ్వొద్దు. నానోలో యూఎస్‌బీకీ 5 వోల్టుల లైనుకూ మధ్య ఒక చిన్న డయోడ్ ఉంటుంది, ఆంపియరు దాటితే అది మాడిపోతుంది.

నానో మీద VIN అని రాసి ఉన్న విన్ పిన్నుకు 5 వోల్టులు ఇవ్వడం ఇంకో సాధారణ పొరపాటు. ఆ పిన్ వెనక రెగ్యులేటర్ ఉంది, దానికి కనీసం 7 వోల్టులు కావాలి. 5 ఇస్తే చిప్‌కు 4 వోల్టులే అందుతాయి. బోర్డు వెలుగుతుంది కానీ నడవడిక సరిగ్గా ఉండదు.

1000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను స్ట్రిప్ మొదట్లో 5 వోల్టులకూ గ్రౌండ్‌కూ మధ్య పెట్టండి. పక్కన చార ఉన్న కాలు మైనస్. తిరగేసి పెడితే ఉబ్బి పేలుతుంది. వెలుగు ఒక్కసారిగా ఎగసినప్పుడు వచ్చే కరెంటు ఊపును ఇది మోస్తుంది.

నానో డీ6 పిన్ నుంచి 470 ఓమ్‌ల రెసిస్టర్, దాని నుంచి స్ట్రిప్ డేటా. రెసిస్టర్ స్ట్రిప్ వైపుకు దగ్గరగా ఉంటే మంచిది. ఈ వైరు 30 సెంటీమీటర్లు దాటనివ్వకండి. నానోను పలక వెనకే అతికిస్తే అంత కూడా పట్టదు.

ఇప్పుడు మైక్. ఈ ప్రాజెక్టులో ఎక్కువమంది విసిగిపోయేది ఇక్కడే. దీనికి 3.3 వోల్టుల పిన్ నుంచి కరెంటు ఇవ్వమని చాలాచోట్ల చెబుతారు, అది నిశ్శబ్దంగా ఉంటుందని. కానీ ఒరిజినల్ నానోలో ఆ 3.3 వోల్టులు యూఎస్‌బీ చిప్ లోంచి వస్తాయి. కేబుల్ పీకి అడాప్టర్ మీద నడిపితే ఆ పిన్‌లో ఏమీ ఉండదు. కంప్యూటర్ ముందు చక్కగా ఆడిన మైక్ మంటపంలో మూగబోతుంది. కాబట్టి 5వీ నుంచే ఇద్దాం, వడపోతతో. 5వీ పిన్ నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్, అక్కడి నుంచి మైక్ ప్లస్ కాలు. మైక్ ప్లస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 100 మైక్రోఫారడ్ కెపాసిటర్. మైక్ లాగేది మిల్లీ ఆంపియరు లోపే కాబట్టి ఆ రెసిస్టర్ మీద వోల్టేజి తగ్గదు, స్ట్రిప్ పుట్టించే గోల మాత్రం మైక్ దాకా రాదు.

మైక్ గ్రౌండ్ వైరు నేరుగా నానో గ్రౌండ్ పిన్నుకే పోవాలి. దగ్గరగా ఉంది కదా అని స్ట్రిప్ గ్రౌండ్‌కు కలిపితే, స్ట్రిప్ కరెంటు ఊగినప్పుడల్లా మైక్‌కు "చప్పుడు" వినపడుతుంది. ఆ చప్పుడుకు ఎల్‌ఈడీలు వెలుగుతాయి, వెలిగినందుకు మళ్లీ చప్పుడు. గది నిశ్శబ్దంగా ఉన్నా దీపాలు వాటంతటవే ఊగుతుంటే కారణం ఇదే. మైక్ అవుట్ వైరు ఏ0 పిన్నుకు, డేటా వైరుకు దూరంగా నడపండి.

మైక్ ఎంపిక మీద ఒక మాట. ఎర్ర బోర్డు మీద నీలం స్క్రూతో చవకగా దొరికే సౌండ్ సెన్సార్ చప్పట్లకు అవును కాదు చెప్పడానికి పనికొస్తుంది కానీ దెబ్బ బలం కొలవదు. మ్యాక్స్ 9814 మాడ్యూల్ నాణ్యమైనదే, కానీ అది పెద్ద చప్పుడును తనే తగ్గించి, చిన్నదాన్ని తనే పెంచుతుంది. మాట రికార్డు చేయడానికి అది వరం. డప్పుకు శాపం, దెబ్బకూ విరామానికీ తేడా చదునైపోతుంది. 4466లో ఆ తెలివి లేదు, అందుకే మనకు నచ్చింది.

4. మొదటి పరీక్ష: మైక్ జోలికి పోకుండా

కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ రాసే ఆర్డుయినో ఐడీఈలో లైబ్రరీ మేనేజర్ తెరిచి అడాఫ్రూట్ నియోపిక్సెల్ లైబ్రరీ పెట్టుకోండి. దాంతో వచ్చే ఉదాహరణల్లో స్ట్రాండ్‌టెస్ట్ తెరవండి. అందులో పిన్ 6, ఎల్‌ఈడీలు 60, వెలుగు 50 అని ముందే ఉంటాయి. మన వైరింగ్ దానికి సరిపడేలానే పెట్టుకున్నాం, ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

క్లోన్ బోర్డుకు సీహెచ్ 340 డ్రైవర్ కావాలి. పోర్టు కనిపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి, చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఇళ్లలో చాలా ఉంటాయి. పోర్టు కనిపించి అప్‌లోడ్ దగ్గర "నాట్ ఇన్ సింక్" అని ఆగితే, టూల్స్ మెనూలో ప్రాసెసర్ దగ్గర "ఓల్డ్ బూట్‌లోడర్" ఎంచుకోండి. పాత క్లోన్లకు ఎక్కువగా ఇదే మందు.

ఒక క్రమం గుర్తుంచుకోండి. ముందు అడాప్టర్ ఆన్ చేయాలి, తర్వాతే యూఎస్‌బీ పెట్టాలి. తీసేటప్పుడు ముందు యూఎస్‌బీ. అడాప్టర్ ఆపి యూఎస్‌బీ ఒక్కటే ఉంచితే స్ట్రిప్ మొత్తం ఆ చిన్న డయోడ్ గుండా కరెంటు లాగడానికి చూస్తుంది.

వలయంలో రంగులు పరుగెత్తితే ముందుకు వెళ్లండి. లేకపోతే ఇలా చూడండి. ఏదీ వెలగకపోతే డేటా తప్పు కొసన ఉండి ఉంటుంది, లేదా మొదటి ఎల్‌ఈడీ పోయింది. అదే నిజమైతే దాన్ని గుర్తు దగ్గర కత్తిరించి రెండో దానికి డేటా ఇవ్వండి. మధ్యలో ఒక చోట నుంచి చీకటైతే, అక్కడి మొదటి చీకటి ఎల్‌ఈడీ గానీ దానికి ముందు వెలుగుతున్నది గానీ చెడింది. డేటా ఒకదాని నుంచి ఇంకొకదానికి అందుకుంటూ పోతుంది కాబట్టి రెండింటినీ అనుమానించాలి. ఎరుపు అడిగితే ఆకుపచ్చ వస్తే రంగుల వరుస తేడా, ప్రోగ్రామ్‌లో జీఆర్‌బీ బదులు ఆర్‌జీబీ పెట్టండి. రంగులు మెరుపుల్లా గందరగోళంగా వస్తే నానో గ్రౌండ్, స్ట్రిప్ గ్రౌండ్ కలవలేదన్నమాట.

5. మైక్ ఒక్కటే పరీక్షించడం

ఇప్పుడు ఎల్‌ఈడీ ప్రోగ్రామ్ పక్కన పెట్టి ఇంకో చిన్నది రాయండి. అది చేయవలసింది ఇంతే. 25 మిల్లీ సెకన్ల పాటు ఏ0 ని ఆపకుండా చదువుతూ, వచ్చిన వాటిలో అన్నిటికన్నా పెద్ద విలువనూ, చిన్న విలువనూ పట్టుకోవాలి. రెండింటి తేడాను సీరియల్ మానిటర్‌లో అచ్చు వేయాలి. ఆ తేడాయే చప్పుడు బలం. మైక్ అవుట్ విశ్రాంతిలో 512 దగ్గర నిలబడి, చప్పుడుకు పైకీ కిందికీ ఊగుతుంది. ఒక్కసారి చదివితే ఆ ఊపులో ఏ క్షణం చేతికొస్తుందో చెప్పలేం.

25 మిల్లీ సెకన్లే ఎందుకంటే, 80 హెర్ట్జ్‌ల దగ్గర మోగే డోలు ఒక్క ఊపుకు 12.5 మిల్లీ సెకన్లు తీసుకుంటుంది. వినే వ్యవధి అంతకన్నా చిన్నదైతే సగం ఊపే కనపడి విలువలు ఎగుడుదిగుడుగా వస్తాయి. 100 పెడితే వెలుగు దెబ్బ వెనకాల నడుస్తున్నట్టు కనిపిస్తుంది. నానో ఒకసారి చదవడానికి సుమారు 112 మైక్రో సెకన్లు పడుతుంది కాబట్టి 25 మిల్లీ సెకన్లలో రెండు వందలకు పైగా చదువులు వస్తాయి, అది చాలు.

సీరియల్ వేగం 115200 పెట్టండి. 9600లో ఒక్కో అక్షరానికి మిల్లీ సెకను పోతుంది.

నిశ్శబ్దంలో విలువ 30 లోపు ఉండాలి. చప్పట్లకు వందల్లోకి దూకాలి. గదిలో పాట గట్టిగా పెట్టి చూడండి. ఎప్పుడూ 1000 దగ్గరే ఉంటే చప్పుడు మైక్ కొలవగల హద్దు దాటిపోతోంది. మాడ్యూల్ వెనకున్న చిన్న స్క్రూను నెమ్మదిగా తిప్పి, గట్టి దెబ్బకు 700 నుంచి 900 మధ్య వచ్చేలా పెట్టండి. ఆ స్క్రూ సున్నితం, చివరికొచ్చాక బలవంతంగా తిప్పితే విరుగుతుంది. నిశ్శబ్దంలోనే 100 పైన చూపిస్తే గ్రౌండ్ వైరూ 100 మైక్రోఫారడ్ కెపాసిటరూ మళ్లీ చూడండి.

6. అసలు ప్రోగ్రామ్

రెండు పరీక్షలూ నెగ్గాక కలపడం తేలిక. ప్రోగ్రామ్ తిరిగే ప్రతి చుట్టులో (లూప్‌లో) జరగాల్సిన వరుస ఇది.

25 మిల్లీ సెకన్లు విని తేడా తీయండి. అందులోంచి నిశ్శబ్దపు గోలను, ఉదాహరణకు 40, తీసేయండి. సున్నా కన్నా తగ్గితే సున్నా అనుకోండి.

ఇటీవలి గరిష్ఠం అని ఒక దశాంశ సంఖ్య ఉంచుకోండి. కొత్త విలువ దానికన్నా పెద్దదైతే దాన్నే గరిష్ఠంగా తీసుకోవాలి, లేకపోతే గరిష్ఠాన్ని చుట్టుకు అర శాతం తగ్గించాలి. సెకనుకు సుమారు 35 చుట్లు తిరుగుతాయి కాబట్టి నాలుగు సెకన్లలో అది సగానికి దిగుతుంది. ఊరేగింపు దూరంగా ఉన్నా, గుమ్మం ముందుకొచ్చినా వలయం నిండా ఆడేది దీని వల్లే. 150 కన్నా కిందికి మాత్రం దిగనివ్వకండి. దిగనిస్తే ఫ్యాను గాలికి కూడా వెలుగు శిఖరానికి పోతుంది.

ఎత్తు అంటే బలాన్ని 30తో హెచ్చించి గరిష్ఠంతో భాగిస్తే వచ్చేది. ముప్పై ఎందుకంటే అడుగు నుంచి శిఖరానికి ఒక్కో పక్కన 30 ఎల్‌ఈడీలు. కుడి పక్క 0, 1, 2 అని పైకి పోతుంటే ఎడమ పక్క 59, 58, 57 అని పోతుంది. 59 నుంచి తీసేస్తే చాలు. స్ట్రిప్ అతుకు అడుగున పెట్టమన్నది ఇందుకే.

ఒక చిక్కు. నానోలో ఇంట్ అనే రకం 16 బిట్లది, 32,767 దాటితే రుణ సంఖ్యలోకి తిరగబడుతుంది. 1023ను 30తో హెచ్చిస్తే 30,690, ఒడ్డున పడ్డాం. మీరు ఉత్సాహపడి రెండు మీటర్ల వలయం చేసి 60తో హెచ్చిస్తే మాత్రం గట్టి దెబ్బకే దీపాలు ఆరిపోతాయి. గరిష్ఠంతో కలిపి లెక్కంతా దశాంశ సంఖ్యల్లోనే, అంటే ఫ్లోట్‌లో చేస్తే ఆ బెడద ఉండదు. కాలం నిల్వ చేసే చోట ఇంట్ వాడితే కూడా ఇదే తంటా. 32.7 సెకన్ల తర్వాత ఎఫెక్టు బిగుసుకుపోతుంది. అక్కడ అన్‌సైన్డ్ లాంగ్ వాడండి.

చూపించే ఎత్తు పైకి పోయేటప్పుడు ఒక్క దూకు, కిందికొచ్చేటప్పుడు చుట్టుకు రెండు ఎల్‌ఈడీల చొప్పున. నెమ్మదైన భజనకు చుట్టుకు ఒకటి అందంగా ఉంటుంది, తీన్‌మార్‌కు మాత్రం రెండో మూడో కావాలి. లేకపోతే ఒక దెబ్బ దిగకముందే ఇంకోటి పడి వలయం ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది.

రంగులు కంప్యూటర్ తెర మీద చూసినట్టు రావు. ఎరుపు 255, ఆకుపచ్చ 255 ఇస్తే తెర మీద పసుపు, ఈ ఎల్‌ఈడీలో ఆకుపచ్చ కొట్టే పసుపు. పసుపుకొమ్ము రంగు కావాలంటే ఆకుపచ్చను 150కి తగ్గించండి. బంతిపువ్వుకు 255, 90, 0. కుంకుమకు 200, 0, 10. అడుగున కుంకుమ, నడుమ బంతి, శిఖరాన పసుపు పెడితే మంట పైకి లేచినట్టుంటుంది. వెలుగు నెమ్మదిగా పెరిగే చోట లైబ్రరీలోని గామా ఫంక్షన్ వాడండి. అది లేకపోతే సగం దాకా ఒక్కసారిగా వెలిగి, ఆ పైన మార్పే లేనట్టు కంటికి తోస్తుంది.

వెలుగు పరిమితి 120ని ప్రోగ్రామ్ మొదట్లో ఒక్కసారే పెట్టండి. ఊపిరి ఎఫెక్టు కోసం దాన్నే పెంచుతూ తగ్గిస్తూ పోతే నిల్వ ఉన్న రంగు విలువలు ప్రతిసారీ కుదించుకుపోయి మురికి రంగులు మిగులుతాయి. ఎఫెక్టుకు రంగు విలువలనే మార్చండి.

ఐదు సెకన్ల పాటు ఎత్తు సున్నాగా ఉంటే దీపపు ఊపిరిలోకి మారాలి. నాలుగు సెకన్లకు ఒక ఊపిరి బాగుంటుంది. చప్పుడు వినగానే తిరిగి డప్పు ఆటలోకి.

ఎల్‌ఈడీలకు రంగులు పంపే 1.8 మిల్లీ సెకన్లు నానో ఇంకేదీ వినదు, ఇంటరప్టులు (మధ్యలో వచ్చే సంకేతాలను పట్టించుకునే ఏర్పాటు) ఆగిపోతాయి. మన లెక్కకు దాంతో నష్టం లేదు. ఐఆర్ రిమోట్ కూడా చేరుద్దామంటే మాత్రం సగం నొక్కులు తప్పిపోతాయి. దానికన్నా డీ2కూ గ్రౌండ్‌కూ మధ్య ఒక నొక్కే బటన్ పెట్టుకోవడం నయం.

7. మంటపంలో అమర్చడం

గోడకు 6 నుంచి 8 సెంటీమీటర్ల ముందు పలకను నిలబెట్టండి. ఎల్‌ఈడీలు బయటి వైపు చూస్తాయి కాబట్టి కిరణాలు గోడను రాసుకుంటూ పోతాయి, చుక్కలు నేరుగా కంట్లో పడవు. చుక్కలు కలిసిపోయి ఒకే పట్టీలా కావాలంటే చుట్టూ బటర్ పేపర్ కట్టండి. అది ఎల్‌ఈడీలకు కనీసం 17 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, రెండు ఎల్‌ఈడీల మధ్య దూరం అంతే కాబట్టి. దగ్గరగా కడితే చుక్కలు చుక్కలుగానే ఉంటాయి. వెనక గోడకు జరీ ఉన్న చీర కడితే వేరే అలంకారం అక్కర్లేదు.

మైక్‌ను పలకకు గట్టిగా బిగించకుండా కింద చిన్న స్పాంజ్ ముక్క పెట్టండి. లేకపోతే ఎవరో బల్లను తాకినా డప్పు మోగినట్టే దానికి.

పత్రి తడిగా ఉంటుంది, పంచామృతం చిందుతుంది. 5 వోల్టులు షాక్ కొట్టవు కానీ, తడి పసుపు, కుంకుమ ప్యాడ్ల మీద ఎండితే రాగి పచ్చబడి రెండు రోజుల్లో లైను తెగుతుంది. సోల్డర్ చేసిన చోట్ల గ్లూ గన్ పూతో, పారదర్శక నెయిల్ పాలిషో వేయండి. అడాప్టర్‌ను మంటపం గుడ్డ కింద దాచకండి, గాలి ఆడే చోట, చేతికందే స్విచ్ మీద ఉంచండి. హారతి పళ్లెం తిరిగే దారిలో బటర్ పేపర్ అంచు రాకుండా చూసుకోండి.

పండక్కి రెండు రోజుల ముందే ఒక రాత్రంతా నడిపి పెట్టండి. పొద్దున అడాప్టర్ గోరువెచ్చగా ఉండాలి, చేయి పెట్టలేనంత వేడెక్కితే అది రాసుకున్న ఆంపియర్లు నిజం కాదు. సోల్డర్ సరిగ్గా కరిగి అంటుకోని అతుకులు కూడా ఈ రాత్రే బయటపడతాయి. వైరును కాస్త కదిపినప్పుడు రంగు మారే చోటే తప్పు.

నిమజ్జనం రోజు ఉద్వాసన కాగానే స్విచ్ ఆపి పలకను తీసి, పొడి గుడ్డతో తుడిచి, స్ట్రిప్ మడత పడకుండా గోడకు తగిలించండి. తొమ్మిది రోజులు కూర్చున్న గణపయ్య అయితే అప్పటికి దసరాకు పెద్ద వ్యవధి ఉండదు. తెలంగాణలో బతుకమ్మ ఆడేచోట ఇదే చట్రాన్ని పడుకోబెట్టి నడుమ బతుకమ్మను పెట్టవచ్చు, చప్పట్లకూ ఈ మైక్ స్పందిస్తుంది. అప్పుడు గరిష్ఠం అడుగు హద్దును 150 నుంచి 90కి దించండి.